ఎర్ర దారం కట్టిన కనకాంబరాలు

ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం రాదు. నాలుగు చినుకులు పడితే చెరువు తెగిందంటాను, చీమ కుడితే తేలంటాను. మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. నేను ఏ లెక్క చెప్పినా నా భార్య నాలుగుతో భాగించుకుంటుంది, మా అమ్మాయి పదితో. మీరు మధ్యస్థంగా ఏడుతో భాగించుకోండి. ఒక్క నా అసూయ దగ్గర మాత్రం ఆ భాగహారం పనికిరాదు. దాని గురించి నేను ఎంత చెప్తే అంతా నిజం. మీరే ఇంకో గుప్పెడు కలుపుకున్నా నేను కాదనను.

నేను జర్మనీలో ఒక బొటానికల్ గార్డెన్‌లో తోటమాలిని. ఈ మాట చెప్పగానే ఇక్కడి తెలుగువాళ్ల మొహంలో ఒక చిన్న కుదుపు వస్తుంది. ఎక్కడైనా పుట్టినరోజు భోజనాలకు పోతే, ప్లేట్ చేతిలో పట్టుకుని ఎవరో ఒకరు అడుగుతారు.

"అన్నా, ఏ కంపెనీ?"

"కంపెనీ లేదు తమ్మీ, తోట."

"అంటే... అగ్రిటెక్ ప్రాడక్టా?"

"లేదు, మట్టి."

పాపం, మెల్లగా పెరుగన్నం వైపు వెళ్లిపోతాడు. ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే బ్లూకార్డు నా భార్యది, వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమూ ఆమెదే. నేను ఆ కార్డుకు వెనకాల గుండుసూదితో గుచ్చిన కాగితంలా వచ్చాను. రాజేంద్రనగర్‌లో తోటల చదువు చదివి, హైదరాబాద్ రోడ్ల మధ్య డివైడర్ల మీద, బస్సుల పొగ తాగి బతికే మొక్కల్ని పదేళ్లు సాకిన మనిషిని. ఆ మొక్కల్ని బతికించినవాడికి జర్మనీ మొక్కలు ఒక లెక్కా?

మా తోట రెండు ముక్కలు. గేటు నుంచి పెద్ద గ్రీన్‌హౌస్ దాకా ఉన్నది జనం చూసి ఆనందించడానికి. గ్రీన్‌హౌస్ వెనక ఉన్నది పరిశోధనకి. వెనకవైపు మొక్కలు ఎలా ఉంటాయంటే, మన ఊళ్లో అయితే మేకలు కూడా వాటిని దాటుకుని వెళ్లి ఇంకోటి తింటాయి. ముందువైపు నాది. వసంతంలో ట్యూలిప్‌లు పన్నెండు వేలు, ఎండాకాలం బిగోనియాలు, సాల్వియాలు, బంతులు కలిపి ముప్పై వేలు, చలి మొదలయ్యే ముందు చామంతులు. చేతికర్రలతో వచ్చే ముసలమ్మలు నా మడుల ముందు బెంచీల మీద కూర్చుని, కళ్లు తుడుచుకుని వెళ్తారు. కొత్తగా పెళ్లయిన జంటలు నా సాల్వియాల ముందు ఫొటోలు తీయించుకుంటారు. ఆ జిల్లాలో విడాకులు తక్కువ కావడానికి నా మడులే కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

నా పనిలో ముఖ్యమైనది గిల్లడం. పువ్వు వాడిందంటే, అది రాలేదాకా ఆగకుండా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి టక్కున గిల్లేయాలి. లేకపోతే అది కాయ కడుతుంది. కాయ కట్టిన మొక్క తన పని అయిపోయిందనుకుని రిటైరవుతుంది, ఇక పూయదు. అందుకని పొద్దున ఏడింటి నుంచి గిల్లుతూనే ఉంటాను. నా కుడి బొటనవేలి గోరు శాశ్వతంగా ఆకుపచ్చగా ఉంటుంది. ఒకసారి ట్రామ్‌లో ముందు సీటులో కూర్చున్నామె టోపీ మీద వాడిన గుడ్డపువ్వు కనబడితే, రెండు స్టాపుల పాటు నా చేతిని నేనే పట్టుకుని కూర్చున్నాను.

ఆరేళ్లు ఆ తోటకు నేనే రాజు. మా షెఫిన్, అంటే మా తోటమాలులందరికీ పైఅధికారి, ఆరడుగుల జర్మన్ ఆవిడ, ఎవరినీ ఊరికే మెచ్చుకోదు. ఆవిడే ఒకసారి నా మడి చుట్టూ తిరిగి "చెడ్డగా లేదు" అంది. జర్మన్ భాషలో అంతకన్నా పెద్ద బిరుదు లేదు. ఆ రోజు ఇంటికి వెళ్లి మిఠాయి పంచాను.

ఏడో ఏడు ట్యూలిప్‌లు విరగబూసిన రోజున అతను వచ్చాడు.

అతను అంటే, వెనకవైపు పరిశోధనకి కొత్తగా వచ్చిన శాస్త్రవేత్త. తెలుగువాడు. గోదావరి జిల్లాలో కడియం పక్కన, నర్సరీల మధ్య పుట్టి పెరిగినవాడు. నా ఈడే, నలభై ఆరు. కానీ తల మీద జుట్టు మాత్రం పాతికేళ్ల కుర్రవాడిది. అసూయ అక్కడే, ఆ జుట్టు దగ్గరే మొదలైంది. నేను మడి అంచున కూర్చుని, ట్యూలిప్ గడ్డలు తవ్వి తిన్న కుందేలును ఉద్దేశించి నాలుగు మాటలు అంటున్నాను. వెనక నుంచి వినబడింది.

"తెలుగువారాండీ? మీ తిట్లు విని ఆగానండి. ప్రాణం లేచొచ్చింది."

"తిట్టలే సారు. కుందేలును బుజ్జగిస్తున్న."

"ఆ మాటలతోనాండీ!"

నవ్వాడు. నేనూ నవ్వాను. ఇక నా పన్నెండు వేల ట్యూలిప్‌ల మీద అతని తీర్పు కోసం ఎదురు చూశాను. "బాగున్నాయండి, చక్కగా ఉన్నాయి" అన్నాడు, పెళ్లి భోజనంలో మంచినీళ్లను మెచ్చుకున్నట్టు. అని, దారి పక్కన రాళ్ల సందులో మొలిచిన ఒక పిచ్చిమొక్క ముందు మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి భూతద్దం తీసి అరగంట చూశాడు. నేను మర్నాడు పీకేద్దామనుకున్న మొక్క అది. చెప్పొద్దూ, ఆ పిచ్చిమొక్క మీద కూడా కుళ్లుకున్నాను.

మా తోటలో పొద్దున తొమ్మిదింటికి అందరం కలిసి కూర్చుని రెండో టిఫిన్ తింటాం. ఆరేళ్లుగా నేను అక్కడికి సకినాలు తీసుకుపోతున్నాను. జర్మన్ తోటమాలులు మర్యాదగా ఒకటి తీసుకుని, తిప్పి చూసి, "ఇది తోరణమా?" అని అడిగి పక్కన పెట్టేవారు. అతను వచ్చిన రెండో వారం ఊరి నుంచి వచ్చిన పూతరేకులు తెచ్చాడు. కాగితం అండీ, అక్షరాలా కాగితం! దానికి ఆ జనం ఎగబడ్డ తీరు చూడాలి. ట్రాక్టర్ నడిపే పెద్దాయన, ఉప్పూ రొట్టే తప్ప ఏదీ ముట్టనివాడు, డబ్బా మూత నాకాడు. షెఫిన్ రెండు తిని, మూడోది రుమాల్లో చుట్టుకుని "మా అమ్మకి" అంది. ఆవిడకు అమ్మ ఉందనే సంగతి నాకు ఆరేళ్లలో తెలియదు.

తర్వాత ఊరి పత్రికవాళ్లు వచ్చారు. తోట గురించి ఫొటోతో సహా వేస్తారన్నారు. నేను ముందురోజే జుట్టు కత్తిరించుకుని, ఇస్త్రీ చేసిన యూనిఫామ్‌తో నా బిగోనియాల పక్కన, ఎండ ఏ కోణంలో పడితే ముక్కు చిన్నగా కనబడుతుందో చూసుకుని నిలబడ్డాను. వాళ్లు "నమస్తే" అని నన్ను దాటుకుని వెనక్కి వెళ్లారు. వారం తర్వాత పత్రికలో సగం పేజీ: అతనూ, అతని చేతిలో ఒక కుండీ, కుండీలో బిక్కమొహం వేసుకున్న ఓ మొక్క. ఆ ఫొటోలో నేనూ ఉన్నాను. ఎడమ అంచున ఒక బూటు, దాని పక్కన నీళ్ల పైపు. ఆ బూటు నాది. నా భార్య ఆ పేజీని ఫ్రిజ్‌కు అంటించింది.

"నువ్వున్నవని అంటించిన గద" అంది.

"బూటును చూసి గుర్తుపట్టినవా?"

"నేను కొన్న బూటు నేను గుర్తుపట్టనా?"

మా అమ్మాయి పాలు తాగుతూ మమ్మల్ని చూసి, "పాపా, దస్ ఇస్ట్ నైడ్" అని తేల్చేసింది. నైడ్ అంటే జర్మన్‌లో అసూయ. తొమ్మిదో తరగతి పిల్ల. పాల గ్లాసు కడిగి పెట్టమంటే మాత్రం ఆ పిల్లకు ఏ భాషా అర్థం కాదు.

ఇంతలో నా భార్య, అతను పాపం ఒంటరి మనిషి, పెళ్లాం పిల్లలు రాజమండ్రిలో ఉన్నారట, అని అతన్ని ఆదివారం భోజనానికి పిలిచింది. ఆమె "తినన్నా" అంటే అతను "వడ్డించు చెల్లెమ్మా" అన్నాడు. ఆమె చెల్లెలైతే నేనేమవుతాను? చారు పోసుకునే లోపల నేను బావనైపోయాను. నన్ను ఒక్కమాట అడగలేదు. సోమవారం నుంచి తోట ఈ చివర నుంచి ఆ చివరకు "బావగారూ!" అని కేక. జర్మన్లు కూడా నేర్చుకున్నారు. ట్రాక్టర్ పెద్దాయన నన్ను ఇప్పటికీ "బావగరు" అనే పిలుస్తాడు, అదే నా ఇంటిపేరనుకుని.

అతని పరిశోధన కనకాంబరం మీద. మన కనకాంబరమే, జడల్లో కట్టుకునేది. ఆ మొక్క కాస్త చలి తగిలితే చాలు, ముడుచుకుపోతుంది. దానికి అడవిలో ఒక దూరపు చుట్టం ఉంది. పువ్వు చిన్నది, వెలిసిపోయిన రంగు, చూడ్డానికి నిరుద్యోగిలా ఉంటుంది, కానీ చలికి జంకదు. ఈ రెంటినీ కలిపితే విత్తనం కడుతుందా, కడితే మొలుస్తుందా అన్నది అతని ప్రశ్న. దానికోసం రోజూ పొద్దున్నే కంటి వెంట్రుకంత సన్నని కుంచెతో ఒక పువ్వు పుప్పొడి తీసి ఇంకో పువ్వుకు అంటించేవాడు. వెయ్యి పువ్వులకు అంటిస్తే అన్నీ రాలిపోయేవి. ఆ వేసవిలో చివరికి పదకొండు కంకులు మాత్రం కాయ కట్టాయి. ఒక్కో కంకి అడుగున సన్నని ఎర్ర దారం కట్టాడు, పసిపిల్లలకు మొలతాడు కట్టినట్టు. పిల్లలనే అనేవాడు వాటిని.

ఒకరోజు సాయంత్రం పని ముగించి బూట్లు కడుక్కుంటుంటే, నా పక్కన కూర్చుని చెప్పాడు.

"నా కాంట్రాక్టు అక్టోబరు దాకానే బావగారూ. ఆ పదకొండింట్లో విత్తనాలు వచ్చి మొలిస్తే రెండేళ్లు పొడిగిస్తామన్నారు. మొలవకపోతే ఇంటికేనండి."

"ఇంటికంటే?"

"రాజమండ్రికి. ఆవిడా పిల్లలూ వీసా కాగితాలన్నీ పెట్టుకుని ఎంబసీవాళ్లు టెర్మిన్ తేదీ ఎప్పుడిస్తారా అని కూర్చున్నారు. నా పొడిగింపు లెటరొస్తేనే వాళ్ల ఫైలు కదులుద్దంట. చిన్నది రోజూ ఫోన్లో అడుగుద్ది, నాన్నా, మంచు ఉప్పులా ఉంటదా, పంచదారలా ఉంటదా అని."

"ఏం చెప్పినవ్?"

"వచ్చి నాకి చూసుకోమన్నానండి."

నేను నవ్వాను. బూట్లు కడుక్కున్నాను. ఇంటికి వెళ్తూ దారి పొడుగునా నాకు తోచిందేమిటంటే, ఇంత పెద్ద కష్టం కూడా ఇతనికి ఎంత అందంగా అమరింది, నాకు ఒక్క కష్టమైనా ఇలా చెప్పుకోదగ్గది లేదే అని. అసూయ మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో చూడండి.

శ్రావణ మాసం వచ్చింది. ఆ శుక్రవారం మా ఇంట్లో పూజ. మధ్యాహ్నం నేను నీళ్ల పైపు చుట్టడానికి గ్రీన్‌హౌస్‌లోకి వెళ్తే, అతను కనకాంబరాలు కోస్తూ కనబడ్డాడు! దారాలు కట్టినవి కాదు, పక్క బల్ల మీద ఉన్న మామూలు కుండీల నుంచి. అయినా సరే. మా తోటలో ఒక కఠినమైన నియమం ఉంది: పువ్వైనా ఆకైనా గేటు దాటకూడదు. ఏటా నలభై వేల పువ్వులు పూయించే నేను, ఏడేళ్లలో ఒక రేకు కూడా ఇంటికి తీసుకుపోలేదు. రోజు పని ముగిసి ఫైరాబెండ్ అయ్యాక, చొక్కా మడతల్లో ఏదైనా రేకు ఇరుక్కుందేమోనని గేటు దగ్గర దులుపుకుని మరీ వెళ్లే మనిషిని. దొంగ దొరికాడు! నా గుండె పండగ చేసుకుంది. పరుగులాంటి నడకతో షెఫిన్ ఆఫీసుకు వెళ్లాను.

"ఆయన పూలు కోస్తున్నాడు" అన్నాను, ఊపిరి ఆడక.

ఆవిడ కంప్యూటర్ నుంచి తల ఎత్తలేదు. "అవును. నిన్న నన్ను అడిగాడు. అవి ఎలాగూ రాలిపోయేవే కదా, తీసుకోమన్నాను."

"నియమం..."

"అడగకుండా తీసుకోకూడదన్నది నియమం." అప్పుడు తల ఎత్తింది. "ఎవరికో తెలుసా? మీ భార్యకట. మీ పండగలో జుట్టులో పెట్టుకుంటారట కదా. ఎంత బాగుంది! మీరు ఏడేళ్లలో ఎప్పుడూ అడగలేదే?"

ఏడేళ్లలో ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఇస్తారన్న ఆలోచనే నాకు రాలేదు.

సాయంత్రం అతను మా ఇంటికి వచ్చాడు. అరటాకు దొరక్క, తడిపిన టిష్యూ పేపర్‌లో చుట్టిన మూర కనకాంబరాల దండ నా భార్య చేతిలో పెట్టాడు. తనే కట్టాడట. కడియంలో చిన్నప్పుడు వాళ్లమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నాడట. నా భార్య ఆ దండను రెండు అరచేతుల్లో పట్టుకుని కళ్లకు అద్దుకుంది. ఏడేళ్లలో నేను తెచ్చిన ఏ వస్తువునూ ఆమె అలా కళ్లకు అద్దుకోలేదు. తలలో పెట్టుకుంది. అద్దం ముందుకు రెండుసార్లు వెళ్లింది. అతను ప్రసాదం తిని, మర్నాడు పొద్దున్నే వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే తన బావమరిదిని చూడ్డానికి వెళ్తున్నానని, ఆదివారం రాత్రికి వస్తానని చెప్పాడు.

"బావగారూ, ఈ వారం శని ఆదివారాలు మీ డ్యూటీయేగా. నా పిల్లల్ని మీ చేతుల్లో పెట్టి వెళ్తున్నానండి. నీళ్లు మట్టికే పొయ్యండి, కంకి తడవకూడదు. ముదిరిన కాయ తడిస్తే ఫట్‌మని పేలి విత్తనం ఎగిరిపోద్ది. సోమవారం వచ్చి అన్నిటికీ సంచులు కట్టేస్తాను."

"నువ్వు భద్రంగా పోయి రా."

అతను వెళ్లాక నా భార్య అంది. "ఏడేండ్ల సంది పూలల్లనే పనిజేస్తున్నవ్. ఒక్క పువ్వన్న తెచ్చినవా?"

"రూల్స్ ఉన్నయే."

"అన్నకు లేవా రూల్స్?"

"ఆయన అడిగిండు."

"నువ్వెందుకు అడగలే?"



శనివారం. శని ఆదివారాల్లో తోటలో ఒక్క తోటమాలే ఉంటాడు, అన్ని గ్రీన్‌హౌస్‌లకూ నీళ్లు పట్టాలి. పొద్దున ఆరింటి నుంచి మడుల్లో గిల్లుడు మొదలుపెట్టాను. బిగోనియాలు, బంతులు, సాల్వియాలు. రాత్రి నిద్ర లేదు. కళ్ల ముందు దండ. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, బకెట్ నిండుతోంది. ఆ బకెట్‌తోనే గ్రీన్‌హౌస్‌లోకి వచ్చాను. కనకాంబరాలకు మట్టికే, చుక్క తుళ్లకుండా, నీళ్లు పోశాను. పోస్తూ పోస్తూ ఉంటే, పూలు రాలిపోయి మొండిగా నిలబడ్డ కంకులు కనబడ్డాయి. తోటమాలి కంటికి పూలు రాలిన కంకి అంటే గిల్లాల్సిన కంకి. నా చేతికి మెదడు లేదండీ, దానికి ఉన్నదల్లా ఏడేళ్ల అలవాటు. టక్. ఇంకోటి, టక్. ఎక్కడో ఆలోచిస్తూ నిలబడ్డాను. చూసుకునేసరికి పని అయిపోయింది, కంకులన్నీ బకెట్‌లో బిగోనియాల మధ్య ఉన్నాయి. బకెట్ తీసుకుపోయి కంపోస్ట్ కుప్ప మీద బోర్లించి ఇంటికి వెళ్లాను.

సోమవారం పొద్దున ఏడింటికి అతను సంచుల కట్టతో వచ్చాడు. చిన్న చిన్న గుడ్డసంచులు, బావమరిది ఇంట్లో కూర్చుని తనే కుట్టాడట. బల్ల ముందు నిలబడ్డాడు. ఒక కుండీ తిప్పి చూశాడు. ఇంకోటి తిప్పాడు. తర్వాత కింద బోర్లించిన కుండీ మీద మెల్లగా కూర్చున్నాడు. అరిచి ఉంటే నాకు బాగుండేది. గోదావరి వాళ్లకు తిట్లు రావంటే నేను నమ్మను. కానీ అతను నా వైపు చూసి అడిగాడు.

"బావగారూ... అలవాటులో గిల్లేశారాండీ?"

నేను తల ఊపాను.

"ఎక్కడేశారు?"

"కంపోస్ట్‌ల."

సోమవారం పదింటికి ట్రాక్టర్ వచ్చి కుప్పను తిరగేస్తుంది. ఇద్దరం పరుగెత్తాం. ఆ కుప్ప ఎంతుంటుందంటే, మన భువనగిరి గుట్ట దాని పక్కన పుట్టలా ఉంటుంది. లోపలి నుంచి ఆవిరి. మోకాళ్ల దాకా దిగి చేతులతో తవ్వడం మొదలుపెట్టాం. సగం కుళ్లిన బిగోనియాలు, ఎవరో పారేసిన గుమ్మడికాయ తొక్కలు, వాటి మధ్య ఎక్కడో జానెడు పొడుగు కూడా లేని పదకొండు కంకులు. అప్పుడు వినబడింది: ఫట్. తడి తగిలి ఒక కాయ పేలింది. అతను ఒక్కసారి కళ్లు మూసుకున్నాడు. ఇంకోచోట ఫట్. ఆ చప్పుడు వచ్చిన చోటికల్లా ఇద్దరం కుక్కల్లా దూకాం. యుద్ధంలో కూడా ఎవరూ పేలుడు వైపు పరుగెత్తరు. నా చెవికి ఒక విత్తనం తగిలింది. ఆ విత్తనం కోసం పావుగంట వెతికాం, దొరకలేదు.

షెఫిన్ వచ్చింది, సంగతి వింది, బూట్లు వేసుకుని కుప్పలోకి దిగింది. ట్రాక్టర్ పెద్దాయన తాళంచెవి జేబులో వేసుకుని తనూ దిగాడు. ఎర్ర దారం ముక్క కనబడితే చాలు, అందరం ఒకేసారి కేక. మధ్యాహ్నానికి ఏడు కంకులు దొరికాయి. మూడు పూర్తిగా పేలి ఉన్నాయి. నాలుగింట్లో మాత్రం కొన్ని కాయలు మిగిలాయి. అతను వాటిని కాగితం మీద పరిచి, వేలితో తాకకుండా, ఒక్కో విత్తనాన్నీ లెక్క పెట్టుకున్నాడు. పంతొమ్మిది. ఇది భాగించకండి, పంతొమ్మిదే.

అతను వాటిని ఒక ట్రేలో మట్టిలో పెట్టాడు. రోజూ పొద్దున అతనికన్నా ముందు వెళ్లి ఆ ట్రే చూసేవాణ్ని. మూడు వారాల తర్వాత ఒక పొద్దున వంగిన గడ్డిపోచలా ఒకటి లేచింది. మొత్తం ఆరు మొలిచాయి. ఆరు మొలకలు సరిపోవని, పొడిగింపు తేల్చే కమిటీలో ఒకాయన అన్నాడట. మొలిచాయి కాబట్టి పనికొస్తుందని షెఫిన్ వాదించిందట. చివరికి రెండేళ్లు రావాల్సిన చోట ఒక్క ఏడాది పొడిగింపు వచ్చింది. కుటుంబం ఫైలు కదిలింది గానీ, ఏడాది లెటర్ అనేసరికి ఇంకా కాగితాలు అడిగారు. క్రిస్మస్‌కు రావాల్సినవాళ్లు మార్చి ఆఖరుకు వచ్చారు. అప్పటికి మంచు కరిగిపోయింది. చిన్నది నాకి చూడలేదు.

నా కథ మాత్రం తోటంతా పాకింది. ఆ క్రిస్మస్‌కు తోటమాలులు నాకు ఒక బహుమతి ఇచ్చారు: బొటనవేలూ చూపుడువేలూ కలిపి కుట్టేసిన చేతిగ్లవు. అందరూ పడీ పడీ నవ్వారు. అందరికన్నా ఎక్కువ అతను నవ్వాడు. షెఫిన్ కొత్తగా వచ్చినవాళ్లందరికీ చెప్తుంది: "ఈయన చెయ్యి ఎంత మంచి తోటమాలి చెయ్యి అంటే, దానంతట అదే పని చేస్తుంది." ఒకసారి ఎవరో విద్యార్థి నా నిర్లక్ష్యం గురించి ఏదో అనబోతే, అతను అడ్డుపడ్డాడు. "మా బావగారిని అనకండి. అది కళాకారుడి చెయ్యి. అలవాటుని తప్పు పడతామాండీ?"

మంచితనంలో కూడా నన్ను దాటిపోయాడు. దాని మీద కూడా కుళ్లుకున్నాను.

ఇప్పుడు లెక్క తేల్చాలి. ట్యూలిప్‌లు పన్నెండు వేలు కాదు, రెండు వేలలోపు. మూత నాకింది ట్రాక్టర్ పెద్దాయన కాదు, నేను. కంపోస్ట్ కుప్ప నా నడుం ఎత్తు. చెవికి విత్తనం తగల్లేదు, పక్కనుంచి పోయిందంతే. ఇవన్నీ పెంచీ మార్చీ చెప్పినవి, కల్పించినవి కావు. పూర్తిగా కల్పించింది ఒక్కటే. ఈ కథ అచ్చయ్యే పుస్తకం అతను కొంటాడు. తెలుగులో ఏది అచ్చయినా కొంటాడు, అదో గుణం. అందుకని అతను చదివే చోటే రాస్తున్నాను.

చేతికి మెదడు లేదన్నాను. అది కల్పన. మొదటి కంకి చెయ్యే గిల్లింది, అంతవరకు నిజం. అది వేళ్ల మధ్యకు రాగానే ఎర్ర దారం చూశాను. అదేమిటో తెలిసింది. బకెట్ కింద పెట్టి, తలుపు వైపు ఒకసారి చూశాను, ఎవరూ లేరు. మిగతా పదీ ఒక్కొక్కటే, దారం ఎక్కడుందో చూసుకుని మరీ గిల్లాను.